కోలార్ నేలపై పాశ్చాత్యుల జాబులు, జ్ఞాపకాలు

కోలార్ జిల్లా గురించి పాశ్చాత్యులు రాసిపెట్టిన కాగితాలకు మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్ గురువులు పారిస్‌కు పంపిన జాబులు వీటిలో పాతవి. ఆ తర్వాత ఇంగ్లీషు సైనికుల యుద్ధ కథనాలు, సర్వేయర్ల నివేదికలు, మిషనరీల ఉత్తరాలు వచ్చాయి. చివరగా బంగారు గనుల్లో ఉద్యోగాలు చేసి వెళ్ళిన కుటుంబాల జ్ఞాపకాలు వచ్చి చేరాయి. రాసినవారి దేశాలు వేరు, వచ్చిన పనులు వేరు. అయినా వారి దారులన్నీ ముళబాగిలు తాలూకాలోని ఆవని కొండకు అటూ ఇటూగానే సాగాయి. మద్రాసు వైపు నుంచి మైసూరు పీఠభూమి ఎక్కేవారు కొందరు మొగిలి కనుమ మీదుగా పలమనేరు, ముళబాగిలు చేరి ఆవనికి ఉత్తరంగా వెళ్ళేవారు. మరికొందరు వెంకటగిరికోట, బేతమంగళం మీదుగా ఆవనికి దక్షిణంగా వెళ్ళేవారు. బంగారు గనుల ఊళ్ళు ఆవనికి నైరుతి దిక్కున, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

వాల్మీకి ఆశ్రమం ఇక్కడే ఉండేదని, సీతమ్మ లవకుశులను కన్నది ఈ కొండ మీదేనని ఆవని ప్రజల నమ్మకం. 10వ శతాబ్దపు నొళంబ రాజుల కాలంలో ఎదిగిన రామలింగేశ్వరాలయ సముదాయం కొండ కింద ఉంది. చదువు, గుడి, చెరువు, శాసనం అన్నీ ఉన్న ఇలాంటి ఊళ్ళ మధ్య నుంచే యూరప్ ప్రయాణికులు నడిచి వెళ్ళారు. కాబట్టి వారి రాతలను తూచేటప్పుడు మూడు విషయాలు పరిశీలించాలి. వారు స్వయంగా చూసిందెంత, స్థానికులు చెబితే రాసిందెంత, చూసి కూడా రాయకుండా వదిలేసిందెంత?

జెసూట్ గురువులు పుదుచ్చేరి నుంచి బయలుదేరి 1700 ప్రాంతంలో తెలుగు సీమలోకి వచ్చారు. దీనికి వారు కర్నాటక మిషన్ అని పేరు పెట్టుకున్నారు. ఫాదర్ బూషే ఈ మిషన్‌కు పెద్ద. ఫాదర్ మోదుయి పుంగనూరు వరకు వచ్చి, చూసింది జాబులో రాశాడు. ఫాదర్ లె గాక్ 1709 జనవరిలో రాసిన జాబు చిక్కబళ్ళాపురం నుంచి వెళ్ళింది. 2007లో విడిపోయేదాకా ఆ ఊరు కోలార్ జిల్లాలోదే. అంతకు ముందటి మధుర జెసూట్ మిషన్ పద్ధతిలోనే ఈ గురువులు సన్యాసి వేషం వేసుకుని, మాంసం మాని, తెలుగు నేర్చుకుని ఊళ్ళలో తిరిగారు. పాళెగార్ల దర్బారులు, వైష్ణవ దాసరులతో తగాదాలు, కరువు కాటకాలు, పెళ్ళిళ్ళు, వైద్యం వారి జాబుల్లో కనిపిస్తాయి.

ఈ జాబులను ఎలా చదవాలో తెలిసి చదవాలి. అవి పారిస్‌లో 1702 నుంచి సంపుటాలుగా అచ్చయ్యాయి. మిషన్‌కు విరాళాలు రావాలి, కొత్త గురువులు ముందుకు రావాలి అన్నది ఆ ప్రచురణ ఉద్దేశం. అందుకే సంపాదకులు జాబులను దిద్ది, కత్తిరించి వేశారు. మతం మారినవారి భక్తి కథలు పెరిగాయి, ఊరి రోజువారీ సంగతులు తగ్గాయి. రెడ్డి పేరో కరణం పేరో వచ్చినా ఫ్రెంచి ఉచ్చారణలో పడి గుర్తుపట్టలేని రూపం దాల్చింది. అయినా చిత్తూరు, కోలార్ సరిహద్దు పల్లెల గురించి 1700 నుంచి 1740 దాకా సంవత్సరాల వారీగా రాసిన మరో యూరప్ సాక్ష్యం దొరకడం కష్టం.

ఈ మిషన్ చేసిన మరో పని తెలుగువారికి ఇంకా దగ్గరిది. ఫ్రాన్సు రాజు గ్రంథాలయం కోసం భారతీయ గ్రంథాలు సేకరించి పంపమని ఆదేశం రాగా, లె గాక్ పర్యవేక్షణలో తాళపత్రాల కట్టలు ఓడలెక్కాయి. బళ్ళాపురం మిషన్‌లో పనిచేసిన ఫాదర్ కాల్మెట్ 1730లలో వేదాల ప్రతులు సంపాదించాడు. అలా పారిస్ చేరిన ఋగ్వేద ప్రతి తెలుగు లిపిలో ఉంది. యూరప్ పండితులకు ఇంకా వేదం అంటే వినికిడి మాత్రమే అయిన కాలంలో ఆ ప్రతి ఈ ప్రాంతం నుంచి వెళ్ళింది. అయితే దాన్ని రాసిచ్చిన లేఖకుడెవరో, ఇవ్వడానికి ఒప్పుకున్న బ్రాహ్మణుడెవరో జాబుల్లో స్పష్టంగా కనబడరు. సేకరించినవాడి పేరే చరిత్రలోకి ఎక్కడం ఇక్కడ మొదలై గనుల కాలం దాకా సాగింది.

జెసూట్ల తర్వాత కోలార్ గురించి ఎక్కువగా రాసినవారు సైనికులు. మొదటి మైసూరు యుద్ధంలో, 1768 అక్టోబరులో, ముళబాగిలు దగ్గర హైదర్ అలీ సేనకు, కర్నల్ వుడ్ దళానికి పోరు జరిగింది. వుడ్ దళం ఓడిపోయే స్థితిలో ఉండగా కెప్టెన్ బ్రుక్, జనరల్ స్మిత్ సేన సాయానికి వచ్చేసిందని తన వాళ్ళచేత స్మిత్ పేరు పెట్టి కేకలు వేయించాడు. హైదర్ సేన తాత్కాలికంగా వెనుకంజ వేసింది. మార్క్ విల్క్స్ మైసూరు చరిత్రలోకి ఎక్కాక ఈ సంఘటన ఇంగ్లీషు పుస్తకాల్లో మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1791లో గవర్నర్ జనరల్ కార్నవాలిస్ టిప్పును ఏమరపాటున దెబ్బతీయాలని మొగిలి కనుమ గుండా పెద్ద సైన్యంతో ఎక్కి ముళబాగిలు, కోలార్, హొసకోట దాటి మార్చిలో బెంగళూరు చేరాడు. అదే ఏడాది అక్టోబరులో నందిదుర్గం పడిపోయింది. ఆ దండయాత్రతో పాటు చిత్రకారుడు రాబర్ట్ హోమ్ వచ్చాడు. సర్వేయరు కోల్‌బ్రుక్ కోటల చిత్రాలు గీశాడు. అలెగ్జాండర్ డైరమ్ యుద్ధ కథనం 1793లోనే లండన్‌లో అచ్చయింది.

యుద్ధ కథనాలకు వాటి మేరలు వాటికున్నాయి. వాటిలో కొండ అంటే కాపుగాసే చోటు, చెరువు అంటే దళానికి నీళ్ళు, ఊరు అంటే ధాన్యం దొరికే స్థలం. సైన్యం వెంట నడిచిన బంజారాల ఎద్దుల మందల ప్రస్తావన ఉంటుంది, వారి బతుకు మాత్రం ఉండదు. వీటికి భిన్నమైనవి కార్నవాలిస్ యుద్ధంలో చిన్న అధికారిగా ఉన్న థామస్ మన్రో ఇంటికి రాసిన ఉత్తరాలు. తర్వాత దత్తమండలాల కలెక్టరై, రాయలసీమలో జనం నోట నిలిచిన మన్రో ఇతనే. తండ్రికి, తోబుట్టువులకు రాసిన ఆ ఉత్తరాల్లో టిప్పు సైన్యపు క్రమశిక్షణ గురించి, సొంత పక్షం చేసిన పొరపాట్ల గురించి దాపరికం లేకుండా మాట్లాడాడు. గ్లీగ్ 1830లో వాటిని మన్రో జీవిత చరిత్రలో ప్రచురించాడు. పై అధికారికి రాసే నివేదికకు, తండ్రికి రాసే ఉత్తరానికి మధ్య తేడా తెలుసుకోవాలంటే మన్రో ఉత్తరాలు మంచి పాఠం.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక సైనికుల వెనకే సర్వేయర్లు వచ్చారు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఆజ్ఞ మీద డాక్టర్ ఫ్రాన్సిస్ బుకానన్ 1800 ఏప్రిల్ 23న మద్రాసు నుంచి బయలుదేరాడు. మే మొదట్లో వెంకటగిరికోట, బేతమంగళం, టేకల్ మీదుగా బెంగళూరు చేరాడు. ఆ తర్వాత కోలార్, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం వైపు మళ్ళీ తిరిగాడు. మూడు సంపుటాల అతని పుస్తకం 1807లో లండన్‌లో వచ్చింది. వ్యవసాయం మీద ప్రధానంగా దృష్టి పెట్టమని అతనికి ఆదేశం. అందుకే రాగి ఎలా విత్తుతారు, గుంటక ఎప్పుడు తోలతారు, చెరువు కింద మడికి నీరు ఎలా పంచుకుంటారు, కూలి ఎంత, కొలతల పేర్లేమిటి అన్న సంగతులతో ఆ పుస్తకం నిండి ఉంది. యుద్ధాల దెబ్బకు బీడుపడ్డ పొలాలు, ఖాళీ అయిన పల్లెలు అతని కంట పడ్డాయి. రాగి సంకటి తిని బతికే సీమ గురించి ఇంత శ్రద్ధగా రాసిన యూరోపియన్ అంతకు ముందు లేడు. పూజలు, కులాచారాల గురించి రాసేటప్పుడు అతని మాట కటువుగా మారుతుంది. రైతును అడిగి రాసుకున్న పేజీలకు, తన అభిప్రాయం చెప్పిన పేజీలకు విలువ ఒకటి కాదు.

బుకానన్ తర్వాత రెండేళ్ళకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ నివేదిక కోలార్ చరిత్రను మార్చేసింది. అతను పేరుకే ఇంగ్లీషు అధికారి. ఐర్లండ్ మూలాలున్న ఫ్రెంచి కులీన కుటుంబంలో పుట్టి, విప్లవ కాలంలో దేశం విడిచి బ్రిటిష్ 33వ రెజిమెంటులో చేరినవాడు. కర్నల్ కోలిన్ మెకంజీ నడిపిన మైసూరు సర్వేలో తూర్పు సరిహద్దు కొలిచే పని 1802లో అతనికి అప్పగించారు. ఊరిగాం, మారికుప్పం దగ్గర నేలలో బంగారం దొరుకుతుందని జనం చెప్పుకునే మాట అతని చెవిన పడింది. చూపించినవారికి బహుమానం ఇస్తానన్నాడు. పల్లెల వాళ్ళు ఎద్దుబండ్ల మీద మట్టి తెచ్చి అతని ఎదుటే నీళ్ళలో జాలించి, అడుగున మిగిలిన బంగారు రవ్వలు చూపారు. సుమారు 55 కిలోల మట్టికి ఒక గ్రెయిన్, అంటే 65 మిల్లీగ్రాముల బంగారం దక్కుతుందని వారెన్ లెక్క కట్టాడు. మారికుప్పం దగ్గర దళిత కూలీలు నడుపుతున్న బావి గనులనూ చూశాడు. 30 అడుగులు, 45 అడుగుల లోతుకు దిగి రాయి కొట్టేవారు. రాళ్ళను చేతి నుంచి చేతికి అందిస్తూ పైకి చేర్చేవారు. ఆడవాళ్ళు ఆ రాళ్ళను బండ మీద దంచి పొడి చేసి కడిగేవారు.

వారెన్ నిజాయితీగా రాశాడు. బంగారాన్ని తానే కనిపెట్టానని అతను చెప్పుకోలేదు. ఊరివాళ్ళు చూపించారని, వారి పద్ధతి ఇదీ అని వరసగా వివరించాడు. తర్వాత వచ్చిన పుస్తకాల్లోనే కథ తిరగబడి, వారెన్ బంగారం కనుగొన్నట్టు తయారైంది. కోలార్ గనుల గురించి రాసేవారు ఇప్పటికైనా మూల నివేదిక ప్రకారం ఆ మాట సరిదిద్దుకోవాలి.

వారెన్‌కు తెలుగువారితో ఉన్న మరో సంబంధం చాలామందికి తెలియదు. కొంతకాలం లాంబ్టన్ త్రికోణమితి సర్వేలో పనిచేశాక 1805 నుంచి మద్రాసు నక్షత్రశాల బాధ్యతలు చూశాడు. దక్షిణ భారత కాలగణన పద్ధతులపై అతను రాసిన కాలసంకలిత 1825లో మద్రాసులో అచ్చయింది. తమిళుల సౌరమానాన్ని, తెలుగువారి చాంద్రమానాన్ని లెక్కలతో సహా అందులో వివరించాడు. పంచాంగకర్తలను కూర్చోబెట్టుకుని నేర్చుకోకుండా అలాంటి పుస్తకం రాయడం సాధ్యం కాదు. 1802లో మట్టి కడిగేవారి మాట విన్న మనిషే తర్వాత సిద్ధాంతుల మాట కూడా విన్నాడు. ఈ నేల మీద తిరిగిన పాశ్చాత్యుల్లో ఇలా వినే గుణం ఉన్నవారి రాతలే నేటికీ పనికొస్తున్నాయి.

మెకంజీ సర్వే అంతటి వెనుక పనిచేసినవారు ఏలూరు నియోగి బ్రాహ్మణ సోదరులు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊరూరా తిరిగి కరణాల దగ్గర ఊళ్ళ చరిత్రలైన కైఫియతులు రాయించడం, శాసనాలకు నకళ్ళు తీయడం, స్థలపురాణాలు సేకరించడం వారి చేతుల మీదుగా జరిగింది. మెకంజీ తన ఉత్తరాల్లో బొర్రయ్య మేధను మనసారా మెచ్చుకున్నాడు. పేరు చెప్పి కృతజ్ఞత చూపడం ఆ కాలపు అధికారుల్లో అరుదు. ఆ దశాబ్దాల్లోనే ఒక తెలుగు ప్రయాణికుడు కూడా ఉత్తరాల రూపంలో దేశాన్ని రాశాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు ఏనుగుల వీరాస్వామి 1830 మేలో కాశీకి బయలుదేరి, దారి పొడవునా చూసింది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపాడు. కాశీయాత్ర చరిత్రగా అది 1838లో అచ్చయింది. అతని దారి కోలార్ మీదుగా సాగలేదు. అయినా బుకానన్ పక్కన వీరాస్వామిని పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. సత్రం ఎవరు కట్టించారు, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, బాటసారికి దారిలో ఎదురయ్యే ఇబ్బంది ఏమిటి అన్నవి వీరాస్వామికి మొదట కనబడతాయి. ఆ తరానికే చెందిన జూలియా మైట్లండ్, జడ్జి అయిన భర్తతో మద్రాసులోనూ రాజమండ్రిలోనూ ఉంటూ 1836 నుంచి 1839 దాకా ఇంగ్లండుకు రాసిన ఉత్తరాలు తెలుగు సీమ గురించి ఆంగ్ల స్త్రీ రాసిన తొలి గ్రంథాల్లో ఒకటయ్యాయి. కోలార్‌కు అలాంటి స్త్రీ గొంతు వినిపించడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది.

1862 నుంచి 1870 దాకా మైసూరు చీఫ్ కమిషనరుగా ఉన్న లెవిన్ బౌరింగ్ తన ప్రాచ్య అనుభవాలను 1871లో పుస్తకంగా వేశాడు. నేటి బంగారుపేటకు బౌరింగ్‌పేట అనే పాత పేరు అతని మీదుగానే వచ్చింది. పాలకుడి దృష్టి నుంచి రాసిన పుస్తకం అది. రోడ్లు, కచేరీలు, జిల్లాల విభజన అందులో ఎక్కువ.

ఆ వెంటనే 1876–78 మహా కరువు. 1871లో 50 లక్షలు దాటిన మైసూరు రాజ్య జనాభా 1881 నాటికి 42 లక్షలకు పడిపోయింది. తల్లిదండ్రులు పోయిన పిల్లల కోసం మిస్ లూయిసా ఆన్‌స్టీ కోలార్‌లో అనాథాశ్రమం నడిపింది. 1890లో ఆ ఆశ్రమం అమెరికన్ మెథడిస్టు మిషన్ చేతికి వెళ్ళింది. 1910లో ఆ మిషన్ స్థాపించిన ఎలెన్ థోబర్న్ కోవెన్ స్మారక ఆస్పత్రి ఈటీసీఎం ఆస్పత్రిగా కోలార్‌లో ఇప్పటికీ సుపరిచితం. మిషనరీ ఉత్తరాలు సాధారణంగా విరాళాల కోసం రాసినవి కాబట్టి వాటిలో కష్టం పెద్దదిగా, మిషన్ సాయం అంతకన్నా పెద్దదిగా ఉంటుంది. ఆ మేరకు తగ్గించి చదువుకోవాలి. కానీ కరువు పిల్లల రోజువారీ బతుకు, బడి, పని నేర్పిన తీరు తెలుసుకోవడానికి సర్కారు కరువు నివేదికలకన్నా ఇవే దారి చూపుతాయి. స్త్రీలు స్త్రీల గురించి రాసిన కాగితాలు ఈ జిల్లాలో ఇక్కడే దొరుకుతాయి.

గనుల కథ ఒక అర్జీతో మొదలవుతుంది. న్యూజిలాండ్ యుద్ధంలో పనిచేసి వచ్చి బెంగళూరు దండు ప్రాంతంలో స్థిరపడిన ఐరిష్ సైనికుడు మైకేల్ లవెల్, వారెన్ రాసింది చదివి 1871లో ఎద్దుబండి మీద కోలార్ వచ్చాడు. పాత గోతులన్నీ చూసి 1873లో మైసూరు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. 1875లో 20 ఏళ్ళకు అనుమతి వచ్చింది. ఊరిగాంలో తవ్వకం మొదలుపెట్టాక అతని దగ్గర డబ్బు చాలలేదు. హక్కులు మరో సిండికేటుకు మారాయి. 1880, 81లలో లండన్‌లో కోలార్ కంపెనీల వాటాలు జోరుగా అమ్ముడుపోయాయి. 1883 నాటికి చాలా కంపెనీల పెట్టుబడి కరిగిపోయింది. మైసూరు గనిలో మిగిలిన కాస్త డబ్బుతో, జాన్ టేలర్ అండ్ సన్స్ సలహా మీద కెప్టెన్ ప్లమర్‌ను పంపి చివరి ప్రయత్నం చేశారు. అతను పాత తవ్వకాల కిందికి దిగి ఛాంపియన్ లోడ్‌ను పట్టుకున్నాడు. అంటే ఇంగ్లీషు కంపెనీలను నిలబెట్టిన బంగారు పొర, వారికి ముందు పేరులేని స్థానిక గనివాళ్ళు వెంబడించి దిగిన పొరే. కొన్నిచోట్ల ఆ పాత తవ్వకాలు రెండు వందల అడుగులు దాటి దిగాయని తర్వాతి ఇంజనీర్లే నమోదు చేశారు. ఎఫ్. హెచ్. హాచ్ 1901లో భూగర్భ సర్వే తరఫున వెలువరించిన గ్రంథం ఈ సాంకేతిక విషయాలకు ఇప్పటికీ ఆధారం.

1894లో బౌరింగ్‌పేట నుంచి గనులకు రైలు వచ్చింది. 1902 జూన్‌లో శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగల మీద కరెంటు వచ్చింది. బేతమంగళం చెరువు నీళ్ళు గనుల ఊళ్ళకు చేరాయి. కార్న్‌వాల్ గనివాళ్ళు, ఇటలీ నుంచి వచ్చిన పనివాళ్ళు, ఆంగ్లో-ఇండియన్ ఫోర్‌మన్‌లు, గుమాస్తాలతో కోలార్ బంగారు గనుల పట్టణం (కేజీఎఫ్) ఒక చిన్న యూరప్ ఊరుగా తయారైంది. ఈ కాలపు కుటుంబ ఉత్తరాల్లో, తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో బంగళా తోటలు, క్లబ్బు, టెన్నిసు, క్రిస్మస్ నాట్యాలు, చల్లని సాయంకాలాలు ఎక్కువగా వస్తాయి. ఆయా, వంటవాడు, తోటమాలి ఆప్యాయంగా కనిపిస్తారు. కానీ చాలాచోట్ల వారికి పనే పేరు.

ఆ బంగళాలకు కూతవేటు దూరంలో కూలి లైన్లు ఉండేవి. తడికెల గుడిసెల్లో ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల నుంచి వచ్చిన తమిళ, తెలుగు కుటుంబాలు బతికేవి. వారిలో దళితులే అధికం. భూమి లోపలి వేడి, రాతి పేలుళ్ళు, రాతి ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు వారి వంతు. బంగారం దొంగతనం భయంతో మైసూరు సంస్థానం ప్రత్యేక గని చట్టాలు చేసింది. 1930లో వేలిముద్రల నమోదు పద్ధతికి ఎదురు తిరిగి కార్మికులు వారాల తరబడి సమ్మె చేశారు. ఈ సమ్మెను బంగళా జ్ఞాపకాల్లో వెతికితే దొరికేది తక్కువ. పోలీసు, రెసిడెన్సీ దస్త్రాల్లో వెతికితే దొరుకుతుంది. చరిత్రకారిణి జానకీ నాయర్ 1998లో వెలువరించిన గ్రంథం అలా సర్కారు కాగితాలను ఎదురు చదివి కార్మికుల చరిత్రను బయటికి తీసింది. ఆ జ్ఞాపకాలు రాసినవారు అబద్ధాలు రాశారని దీనికి అర్థం కాదు. తమ కాంపౌండు గోడ దాకా చూసింది నిజంగానే రాశారు. ఆ గోడకు అవతలి సగాన్ని వేరే కాగితాల్లో వెతుక్కోవడం పాఠకుడి బాధ్యత.

కేజీఎఫ్‌లో ఉంటూనే ఊరి పాత చరిత్ర కోసం శ్రమించిన పాశ్చాత్యుడు రెవరెండ్ ఫ్రెడ్ గుడ్‌విల్. బెంగళూరు, కోలార్ బంగారు గనుల్లో వెస్లియన్ తమిళ మిషన్‌కు సూపరింటెండెంటుగా పనిచేశాడు. గనుల ప్రాంతపు తొలి చరిత్రను సమకూర్చి, బెంగళూరు మిథిక్ సొసైటీ త్రైమాసిక పత్రికలోనూ ఇతరచోట్లా వ్యాసాలు వేశాడు. నందిదుర్గం మత, యుద్ధ చరిత్రపై అతని రచన 1918లో గనుల పట్టణంలోనే వెలువడింది. శాసనాలు, స్థలపురాణాలు, జైనుల జాడలు, గంగ రాజుల కథ ఒకచోట చేర్చడం అతని పద్ధతి. పురాణకాలానికి ముడిపెట్టే చోట కొన్ని ఊహలు నిలబడవు. అయినా గనుల కంపెనీల లాభనష్టాలకు మించి ఈ నేలకు చరిత్ర ఉందని తెల్లవాళ్ళకు చెప్పిన మనిషి కనుక అతని కాగితాలకు విలువ ఉంది.

గుడ్‌విల్‌కు ఆధారం ఇచ్చినది బి. లూయిస్ రైస్ కృషి. లండన్ మిషనరీ కొడుకుగా 1837లో బెంగళూరులోనే పుట్టిన రైస్, కన్నడం ఇంటి భాషలా వచ్చినవాడు. మైసూరు గెజిటీరు 1870లలో, సవరించిన ప్రతి 1897లో తెచ్చాడు. కోలార్ జిల్లా శాసనాలు ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా 1905లో వచ్చాయి. ఆవని శాసనాలు అందులోనే ఉన్నాయి. త్రిభువనకర్త అనే శైవాచార్యుడు నలభై ఏళ్ళు ఆవని స్థానాన్ని పాలించి, యాభై గుళ్ళు, రెండు పెద్ద చెరువులు కట్టించి 961లో కాలం చేశాడని వాటిలో ఒకటి చెబుతుంది. ఈ ఒక్క శాసనం యూరప్ ప్రయాణికుల రాతల్లోని పెద్ద లోటును చూపిస్తుంది. సైన్యానికి నీళ్ళు దొరికాయని డైరమ్ కాలపు సైనికుడు రాసిన చెరువులు, మడి సాగు గురించి బుకానన్ వివరించిన చెరువులు ఎవరో ఒకరు లెక్కతో, శ్రమతో కట్టించినవి. కట్టించినవారి వివరం శాసనంలో ఉంటే, వాడుకున్నవారి వివరం ప్రయాణికుల పుస్తకంలో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ముళబాగిలు సీమలో ఒక చెరువు వెయ్యేళ్ళ కథ పూర్తవుతుంది. రైస్ కూడా ఒంటరిగా పనిచేయలేదు. శాసనాలు చదివి నకలు తీసిన పండితుల బృందం అతని వెంట ఉంది.

స్థానికులు రాసిన జ్ఞాపకాలు కూడా ఈ సమీక్షలో లెక్కకు రావాలి. 1887లో ముళబాగిలులో పుట్టిన డి. వి. గుండప్ప కన్నడంలో రాసిన జ్ఞాపక చిత్రశాలలో ఆనాటి ముళబాగిలు గుళ్ళు, అగ్రహారం, వీధి బడి, దర్గా, దుకాణదారులు పేర్లతో సహా నడుస్తారు. గనుల బంగళాల్లో క్లబ్బు సాయంకాలాలు సాగిన కాలమే అది. రెండు జ్ఞాపకాలకూ మధ్య దూరం పాతిక మైళ్ళు కూడా లేదు, కానీ ఒక దానిలోని మనుషులు మరొకదానిలోకి రారు. తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ కలిసి వినబడే ఈ సీమలో గని కార్మికుల సొంత మాట ఎక్కువగా నోటి మీదే మిగిలింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను చేతిలోకి తీసుకుంది. 1962లో కేంద్రం తీసుకుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండు, ఆస్ట్రేలియా వెళ్ళిపోయి అక్కడ జ్ఞాపకాలు అచ్చు వేసుకున్నాయి. లైన్లలో మిగిలినవారి జ్ఞాపకాలకు ఆ అవకాశం రాలేదు.

కాగితాలు ఉన్న చోట్లు చెదిరిపోయి ఉన్నాయి. జెసూట్లు పంపిన గ్రంథాలు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. మెకంజీ సేకరణలు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి, లండన్ బ్రిటిష్ లైబ్రరీకి మధ్య విడిపోయాయి. బౌరింగ్ కాగితాలు, ఇండియా ఆఫీసు దస్త్రాలు కూడా బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి. లండన్ మిషన్, వెస్లియన్ మిషన్ దస్త్రాలు లండన్‌లోని సోయాస్‌లో, అమెరికన్ మెథడిస్టులవి న్యూజెర్సీ డ్రూ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. సంస్థానం వైపు కాగితాలు బెంగళూరు రాష్ట్ర పురాలేఖనాలయంలో ఉన్నాయి. ఒక్క ఆవని పరిసరాల చరిత్ర రాయాలన్నా మూడు ఖండాల తలుపులు తట్టాలి.

తట్టినవారికి దక్కింది ఏమిటో తెలుగులో ఉదాహరణ ఉంది. పరిశోధకుడు బంగోరె 1970లలో తెలుగు నిఘంటుకారుడు సి. పి. బ్రౌన్ జాబుల వెంట పడి, వాటిని వెలికి తీసి, వివరణలతో ప్రచురించారు. దానితో బ్రౌన్ వెనుక ఉన్న తెలుగు పండితుల పేర్లు, జీతాలు, తగాదాలు, శ్రమ బయటపడ్డాయి. కోలార్ కాగితాలకు ఇంకా అలాంటి సంపాదకుడు రాలేదు. ఫ్రెంచి చదవగలిగి, చిత్తూరు, కోలార్ పల్లెల పేర్లు తెలిసిన తెలుగు పరిశోధకులు లె గాక్, కాల్మెట్ జాబులను ఊళ్ళతో సరిపోల్చి తెలుగులోకి తేవాలి. వారెన్ నివేదికను పూర్తిగా తెలుగులో అచ్చు వేయాలి. అంతకన్నా తొందరపడవలసిన పని కేజీఎఫ్‌లో ఉంది. భూమి లోపల పనిచేసిన చివరి తరం వృద్ధాప్యంలో ఉంది. వారి ఇళ్ళలో జీతం చీటీలు, యూనియన్ కరపత్రాలు, దుబాయికో బెంగళూరుకో వెళ్ళిన పిల్లలు రాసిన ఉత్తరాలు, పెళ్ళి ఫొటోలు ఇంకా ఉన్నాయి. ముళబాగిలు, బంగారుపేట కళాశాలల విద్యార్థులు, అధ్యాపకులు వాటికి నకళ్ళు తీసి, పెద్దల మాటలు వారి యాసలోనే రికార్డు చేసి, రాష్ట్ర పురాలేఖనాలయానికి అప్పగించాలి. ఈ కాగితాలు ఇంట్లో ఉన్నవారు ఇల్లు మారేటప్పుడు, గోడలకు సున్నం వేసేటప్పుడు వాటిని పాత కాగితాల వాడికి వేయకండి.